మొక్క కణం, జంతు కణం: పోలిక దొరికిన కథ

మన ప్రాంత చరిత్రలో 1839 ఉప్పెన వచ్చిన సంవత్సరం. ఆ నవంబరు తుఫానుకు పక్కనున్న కోరంగి రేవు నాశనమైంది. అప్పటికి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాం కూడా బాగా దెబ్బతింది. అదే ఏడాది దూరాన బెర్లిన్‌లో థియోడర్ ష్వాన్ అనే శాస్త్రవేత్త ఒక పుస్తకం అచ్చువేయించాడు. మొక్కలూ జంతువులూ రెండూ కణాలతోనే తయారయ్యాయని అందులో రాశాడు. ఈ రోజు మనం బడిలో చదివే కణం పాఠానికి అది ఒక పునాది.

పరీక్షలో మనల్ని తరచూ అడిగేది మాత్రం "వృక్ష కణానికి, జంతు కణానికి భేదాలు రాయండి" అని. కణకవచం, హరితరేణువులు, పెద్ద రిక్తిక అని పట్టిక గీసేస్తాం, మార్కులు వస్తాయి. నాకు మాత్రం చరిత్రలో అసలు కష్టం పోలిక పట్టుకోవడంలోనే ఉందనిపించింది. కొబ్బరిచెట్టుకీ కప్పకీ లోపల ఒకటే ఏర్పాటు ఉందని ఎలా తెలిసింది?

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులో లాగా చిన్న చిన్న గదులు కనబడ్డాయి. వాటికి సెల్ అని పేరు పెట్టాడు. ఆయన చూసినవి చనిపోయిన కణాల గోడలే, లోపల ఏమీ లేదు. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక గుండ్రటి భాగాన్ని గమనించి దానికి కేంద్రకం అని పేరు పెట్టాడు.

మరి జంతు కణం ఎందుకు ఆలస్యమైంది? రెండు స్లైడ్లు చేసి చూస్తే మనకే తెలుస్తుంది. ఉల్లిపొర రంగు వేయకపోయినా గోడ కట్టిన ఇటుకల్లా వరసగా కనబడుతుంది. పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి తీసిన కణాలు అలా కాదు. వాటికి గోడ లేదు, పలచని పొర మాత్రమే ఉంటుంది. మిథిలీన్ బ్లూ చుక్క వేస్తేగానీ సరిగ్గా కనబడవు. రంగు వేశాక రెండింటిలోనూ కేంద్రకం కనిపిస్తుంది.

ష్వాన్‌కు దారి చూపించింది కూడా ఆ కేంద్రకమే. వృక్షశాస్త్రజ్ఞుడు ష్లీడన్, ష్వాన్ ఒకరోజు కలిసి భోజనం చేస్తున్నారట. మొక్క కణాల్లో కేంద్రకం చేసే పని గురించి ష్లీడన్ చెబుతుంటే, తోకకప్పల వెన్ను భాగంలో తాను అలాంటివే చూశానని ష్వాన్‌కు గుర్తొచ్చిందట. 1838లో ష్లీడన్ మొక్కల గురించి, 1839లో ష్వాన్ జంతువుల గురించి రాశారు.

కానీ కొత్త కణం ఎలా పుడుతుందో చెప్పడంలో ఇద్దరూ పొరబడ్డారు. ద్రవంలో స్ఫటికం కట్టినట్టు పుడుతుందనుకున్నారు. అది తప్పని చూపినవారిలో రాబర్ట్ రీమాక్ ఒకరు. ఆయన కోడిపిల్ల పిండం రక్తకణాలను, కప్ప గుడ్లను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఉన్న కణం రెండుగా విడిపోతేనే కొత్తది వస్తుందని 1852లో ప్రకటించాడు. 1855లో విర్కో అదే మాట చెప్పాడు, ఆయన పేరే అందరికీ తెలిసింది.

రీమాక్ యూదుడు. ఆ రోజుల్లో ప్రష్యా రాజ్యంలో యూదులకు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే హక్కు లేదు. మతం మారితే ఉద్యోగం దొరికేది, ఆయన మారలేదు. రాజుగారికి అర్జీలు పెట్టుకుని 1847లో బెర్లిన్‌లో బోధించే అనుమతి తెచ్చుకున్నాడు. పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి మాత్రం ఆయనకు చివరిదాకా దక్కలేదు.

మనది మైనారిటీ బడి కాబట్టి ఈ సంగతి మనం తప్పక తెలుసుకోవాలని నా అభిప్రాయం. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడి మతం ఏదైనా కణం ఒకేలా కనబడుతుంది. కానీ పాఠం చెప్పనివ్వాలా వద్దా, ఎవరి పేరు పుస్తకంలో ఎక్కాలి అన్నది మనుషులు తేలుస్తారు.

మా టీచర్లకు నాదొక చిన్న విన్నపం. కణం పాఠం చెప్పేటప్పుడు రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి ముందు పోలికలు అడగండి, భేదాల పట్టిక తర్వాత రాస్తాం. బోర్డు మీద విర్కో పేరు పక్కన రీమాక్ పేరు కూడా రాయండి.