శవపేటిక కొనుక్కుని చెప్పిన మాట

1566లో బీజింగ్‌లో హై రుయ్ అనే అధికారి ఒక శవపేటిక కొన్నాడు. ఇంట్లో ఎవరూ పోలేదు. అది తనకే. ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని, చక్రవర్తి జియాజింగ్‌కు ఒక విన్నపం పంపాడు. ఇరవై ఏళ్లకు పైగా కొలువు తీరలేదు, చావును తప్పించే మందుల కోసం తావో పూజల్లో మునిగిపోయారు, జనం ఇళ్లు ఒట్టిపోయాయి, మీరు చేసేది తప్పని దేశం ఎప్పుడో తేల్చేసుకుంది అన్నది దాని సారాంశం. చక్రవర్తి ఆ కాగితాలను నేలకేసి కొట్టాడు. వాణ్ణి పట్టుకోండి, పారిపోతాడేమో అని కేకలేశాడు. పక్కనున్న అంతఃపుర సేవకుడు హువాంగ్ జిన్ మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ మనిషి పారిపోడు, శవపేటిక సిద్ధం చేసుకునే ఇది రాశాడని.

హై రుయ్‌ని జైల్లో వేశారు. కొన్ని నెలలకు చక్రవర్తే పోయాడు. ఆ కబురు ముందుగా విన్న జైలు అధికారి, ఇక ఇతనికి మంచి రోజులే అనుకుని మంచి భోజనం, మద్యం తెచ్చిపెట్టాడు. ఉరి తీసే ముందు పెట్టే తిండి కాబోలు అనుకుని హై రుయ్ తృప్తిగా తిన్నాడు. తర్వాత విషయం చెవిన పడగానే తిన్నదంతా కక్కేసి, నేల మీద పడి రాత్రంతా ఏడ్చాడట. తనను చంపించబోయిన చక్రవర్తి కోసం!

ఈ ఏడుపు అర్థం కానంతవరకు చైనా రాజకీయ సంస్కృతి మనకు పైపైనే తెలుస్తుందని నా నమ్మకం. ప్రభువు తప్పు ప్రభువుకే చెప్పడం అక్కడ మూడు వేల ఏళ్లుగా ధర్మం. ఆ ధర్మం నెరవేర్చినవాడికి రక్షణ ఇచ్చే ఏర్పాటు మాత్రం ఆ నేల మీద నిలవలేదు.

దీని మూలం క్రీ.పూ. 1046 ప్రాంతంలో ఉంది. షాంగ్ రాజులను ఓడించిన ఝౌ వంశం, తన గెలుపుకు ఒక కారణం చెప్పుకోవాల్సి వచ్చింది. రాజ్యాధికారం ఆకాశం ఇచ్చేది, రాజు దారి తప్పితే ఆకాశమే వెనక్కి తీసుకుంటుంది అన్నారు. దాన్నే ‘తియన్‌మింగ్’ అంటారు. గెలిచినవాడికి అనువైన మాటే అయినా, రాజు నెత్తిన ఒక షరతు శాశ్వతంగా కూర్చుంది. ఆకాశం నోరు విప్పదు కాబట్టి కరువులు, వరదలు, తిరుగుబాట్లే దాని పలుకులయ్యాయి. కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) దీనికి ఇంటి భాష నేర్పాడు. ప్రభువు తండ్రి లాంటివాడు. తండ్రి తప్పు చేస్తే కొడుకు నెమ్మదిగా చెప్పాలి, వినకపోయినా గౌరవం తగ్గకూడదు. కొన్ని తరాల తర్వాత వచ్చిన మెన్షియస్ ఇంకా ముందుకు పోయాడు. అన్నిటికన్నా ముందు జనం, చివరికి రాజు అన్నాడు. క్రూరుడైన రాజును చంపితే అది రాజహత్య కిందికి రాదన్నాడు.

హాన్ ఫెయ్ వీళ్లకు ఎదురు నిలిచాడు. మన అర్థశాస్త్రంతో పరిచయం ఉన్నవాళ్లకు అతను దగ్గరివాడిలా అనిపిస్తాడు. రాజు మంచివాడవుతాడని ఆశ పెట్టుకుని రాజ్యం నడపలేం, కావలసింది చట్టం, శిక్ష, బహుమానం అంటాడు. రాజుకు సలహా చెప్పడం ఎంత కష్టమో చెప్పడానికి అతను వాడిన పోలిక నన్ను వదలదు. డ్రాగన్‌ను మచ్చిక చేసుకుని ఎక్కి తిరగవచ్చు గానీ, దాని గొంతు కింద తిరగబడి మొలిచిన పొలుసులుంటాయి, వాటికి చెయ్యి తగిలితే మనిషి మిగలడు. ఇంత తెలిసినవాడే క్రీ.పూ. 233లో చిన్ రాజ్యపు జైల్లో విషం తాగి చచ్చాడు. ఆ విషం పంపింది తనతో కలిసి చదువుకున్న లి స.

క్రీ.పూ. 221లో చిన్ రాజు చైనా మొత్తాన్ని ఏకం చేసింది హాన్ ఫెయ్ బాటలోనే. ఆ సామ్రాజ్యం పదిహేనేళ్లకే కూలింది. తర్వాతి హాన్ చక్రవర్తులు చిన్ పాలనాయంత్రాన్ని ఉంచుకుని, నోటితో కన్ఫ్యూషియస్‌ను పలికారు. ఈ కలయికే రెండు వేల ఏళ్లు నడిచింది. అధికారుల తప్పులు పట్టడానికి ‘యూషి’ అనే తనిఖీ అధికారుల శాఖ, చక్రవర్తికి హితవు చెప్పడానికి వేరే పదవులు కూడా పుట్టాయి. తప్పు చెప్పడం జీతం పుచ్చుకుని చేసే ఉద్యోగమైంది. అయినా ఓడిపోయి శత్రువుకు లొంగిన ఒక సేనాపతి తరఫున నాలుగు మాటలు మాట్లాడినందుకు, ఆస్థాన చరిత్రకారుడు సిమా చియెన్‌కు పుంస్త్వం తీసేసే శిక్ష పడింది. అతను బతికి తన చరిత్ర గ్రంథం పూర్తి చేయడం మన అదృష్టం.

ఈ కథలో వెలుగున్న రోజులు టాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్‌వి (626–649). హుయాన్ త్సాంగ్ మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిందీ ఈయన కాలంలోనే. అన్నను చంపి గద్దెక్కిన తాయ్‌జోంగ్, ఆ అన్న సలహాదారు వెయ్ ఝెంగ్‌నే పిలిచి పక్కన పెట్టుకున్నాడు. ఒకసారి చేతి మీద డేగతో ఆడుకుంటూ, వెయ్ ఝెంగ్ రావడం చూసి ఏమంటాడోనని దాన్ని అంగీలో దాచేశాడట. వచ్చినాయన మాటలు ఎంతకీ తెగలేదు, డేగ ఊపిరాడక చచ్చింది. మరోరోజు ఆ పల్లెటూరివాణ్ణి చంపేస్తానని పళ్లు నూరుతూ అంతఃపురానికి వస్తే, మహారాణి లోపలికెళ్లి పండగ బట్టలు కట్టుకుని వచ్చింది. ముక్కుసూటి మంత్రి ఉన్నాడంటే రాజు గొప్పవాడన్నమాట, అందుకే అభినందనలు అంది. కథలు తీపివే. కానీ 643లో వెయ్ ఝెంగ్ పోయాక, మనసు మారిన తాయ్‌జోంగ్ అతని సమాధి శిలను పడగొట్టించాడు. రెండేళ్లకు కొరియా దండయాత్ర బెడిసికొట్టినప్పుడు, అతనుంటే నన్ను ఆపేవాడు అని మళ్లీ నిలబెట్టించాడు. మంత్రి సమాధి కూడా రాజు మనసును బట్టే లేచి పడుతుంటే, ఆ భద్రత ఎంతపాటిది?

మింగ్ వంశ స్థాపకుడు ఝు యువాన్‌జాంగ్ ఆ కాస్తా లాగేసుకున్నాడు. ఆకలితో కన్నవాళ్లను పోగొట్టుకుని, మఠాల్లో అడుక్కు తిని చక్రవర్తి అయిన మనిషి అతను. 1380లో ప్రధానమంత్రి పదవినే ఎత్తేశాడు. మెన్షియస్ చదివి మండిపడి, 1394లో ఆ పుస్తకంలోంచి 85 భాగాలు కోయించాడు. రాజులు చదివి భయపడాల్సినవి ముఖ్యంగా అవే. 1524లో అదే వంశపు జియాజింగ్, తన మాట కాదని రాజభవనం గుమ్మం ముందు మోకరిల్లి ఏడ్చిన అధికారుల్లో నూటికి పైగా మందిని కర్రలతో కొట్టించాడు. పదిహేను మందికి పైగా ప్రాణాలు పోయాయి. నలభై ఏళ్ల తర్వాత హై రుయ్ విన్నపం పంపింది ఈ జియాజింగ్‌కే.

ఈ జబ్బును సరిగ్గా పట్టుకున్నది హువాంగ్ జోంగ్‌షి అని నాకనిపిస్తుంది. నిజం మాట్లాడినందుకు అతని తండ్రి 1626లో జైల్లో చచ్చిపోయాడు. 1663లో అతను రాసిన పుస్తకంలో మంచి రాజు రావాలనే ప్రార్థన లేదు. దేశం జనానిది, రాజు అద్దెకున్నవాడు అంటాడు. ప్రధానమంత్రి పదవి తిరిగి రావాలి, మంచిచెడ్డలు తేల్చే చోటు విద్యాలయాలు కావాలి, చక్రవర్తి నెలనెలా అక్కడికొచ్చి విద్యార్థుల వరసలో కూర్చుని తన తప్పులు వినాలి! రెండు శతాబ్దాలకు పైగా ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1890లలో లియాంగ్ చిచావో లాంటి సంస్కర్తలు దాన్ని రహస్యంగా అచ్చేసి పంచారు. 1905లో అధికారులను ఎంచే సివిల్ పరీక్షలు రద్దయ్యాయి, 1911 విప్లవంతో చక్రవర్తులూ పోయారు. సున్ యాట్‌సెన్ తన రాజ్యాంగ ఊహలో తనిఖీ శాఖను ప్రభుత్వపు ఐదు అంగాల్లో ఒకటిగా నిలిపాడు. అది తైవాన్‌లో ఇప్పటికీ ఉంది.

హై రుయ్ మళ్లీ లేచింది 1959లో. కింది అధికారులు పంట లెక్కలు పెంచి చెబుతున్నారు, హై రుయ్‌లా ధైర్యంగా నిజం చెప్పండి అన్నాడు మావో. మింగ్ చరిత్ర పండితుడు, బీజింగ్ డిప్యూటీ మేయర్ ఊ హాన్ ఆ పిలుపు అందుకుని వ్యాసాలు, తర్వాత నాటకం రాశాడు. అదే ఏడాది జులైలో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ లుషాన్ సమావేశంలో నిజంగానే ఉత్తరం రాశాడు. ఉక్కు కోసం చేసిన హడావుడి వల్ల నష్టం జరిగిందని చెప్పాడు. పదవి పోయింది. 1965 నవంబరులో ఊ హాన్ నాటకం మీద షాంఘై పత్రికలో విరుచుకుపడిన వ్యాసం సాంస్కృతిక విప్లవానికి తెర లేపింది. పెంగ్ కూడా హై రుయ్యే అన్నాడు మావో. ఊ హాన్ 1969లో జైల్లో పోయాడు. పెంగ్ నిర్బంధంలోనే 1974లో పోయాడు. హై రుయ్‌ని జియాజింగ్ చంపలేదు. అతని గురించి రాసినవాడు బతకలేదు.

2020 జనవరి 3న వుహాన్ పోలీసులు లి వెన్‌లియాంగ్ అనే కంటి డాక్టరును స్టేషన్‌కు పిలిపించారు. కొత్త రోగం వస్తోంది, జాగ్రత్త అని తోటి డాక్టర్ల గ్రూపులో రాయడం అతని నేరం. మందలింపు కాగితం కింద రెండు ప్రశ్నలున్నాయి. ఇక ఆపగలవా, అర్థమైందా అని. ఆపగలను, అర్థమైంది అని చేత్తో రాసి, ఎర్ర సిరాలో వేలిముద్రలు వేశాడు. ఫిబ్రవరి 7న అదే రోగంతో పోయాడు. జనం కోపం చూసి బీజింగ్ నుంచి దర్యాప్తు బృందం దిగింది. దాన్ని పంపింది 2018లో ఏర్పడ్డ జాతీయ పర్యవేక్షణ సంఘం, అంటే పాత యూషి శాఖకు నేటి వారసుడు. మందలింపు సరికాదని ఆ బృందం తేల్చాక, మార్చి 19న పోలీసులు దాన్ని రద్దు చేశారు. అప్పటికి లి పోయి నలభై ఒక్క రోజులు. చైనా సోషల్ మీడియా వీబోలో అతను చివరిసారి రాసిన నాలుగు ముక్కల కింద జనం రాయడం మాత్రం ఆగలేదు. ఈ రోజు ఉద్యోగం పోయిందని ఒకరు, శుభోదయం డాక్టర్ అని ఒకరు. లక్షల్లో.