పొయ్యికి గాలి ఎటునుంచి?

నర్సీపట్నాన్ని ఆనుకొని, వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టానికి ఒక స్థలపురాణం ఉంది. బలి చక్రవర్తి ఇక్కడ యాగం చేశాడనీ, బ్రహ్మలింగేశ్వరుని గుడి దాపున కనిపించే బూడిదవంటి మట్టి ఆ యాగపు విభూతేననీ చెబుతారు. పురాణం సంగతి అలా ఉంచి, ఆరుబయట రగిలే యజ్ఞగుండానికి లేని చిక్కు ఇంట్లో రాజుకునే పొయ్యికి ఒకటుంది. దానికి గాలి ఎటునుంచి రావాలి? వంటింటి పొగను గురించి మనవాళ్లు చాలానే రాశారు. ఈ రెండో ప్రశ్న మాత్రం అంతగా వినబడదు. అందుకే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. కిలో ఎండుకట్టె పూర్తిగా కాలటానికి సుమారు 5 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇంటి పొయ్యిలో ఆచరణలో అంతకు రెట్టింపైనా పడుతుంది. మంటకు వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపటానికి మరో గాలి రావాలి. పొగగొట్టం కడితే ఈ లాగుడు మరింత బలపడుతుంది. వచ్చే గాలికి దారి లేకపోతే గదిలో పీడనం తగ్గి, పైకి పోవలసిన పొగ వెనక్కి తిరుగుతుంది. పోయే దారీ వచ్చే దారీ ఒకదానిమీద ఒకటి ఆధారపడినవి.

ఈ సూత్రం మన ఇల్లాళ్లకు తెలియనిది కాదు. కుంపటికి అడుగున ఉండే నోరు బూడిద తియ్యటానికే కాదు, గాలి పీల్చటానికి కూడా. పొట్టుపొయ్యి కూరేటప్పుడు నిలువుగా ఒక కర్ర, అడ్డంగా మరొక కర్ర పెట్టి, పొట్టు దట్టించాక వాటిని లాగేసేవారు. ఆ అడ్డదారిలో గాలి వచ్చేది, నిలువుదారిలో మంట లేచేది. అనకాపల్లి ప్రాంతపు బెల్లం పొయ్యిల్లో చెరకుపిప్పి భగభగ మండటానికీ గాలే కీలకం. పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే ఊదుగొట్టం కూడా ఈ శాస్త్రంలో భాగమే.

అయితే పొయ్యికి దారి పెట్టారు గానీ ఇంటికి పెట్టనక్కరలేకపోయింది. ఉత్తరాంధ్ర చుట్టిళ్లలో చూరు కింద సందులుండేవి, తాటాకు కప్పు పొగను కొంత బయటికి వదిలేది. పెంకుటిళ్లలోనూ అంతే. గాలి అడగకుండానే వచ్చేది. పొగ మాత్రం వెంటనే పోయేది కాదు. అది కప్పులో పురుగుల్ని చంపుతుందని ఓదార్చుకునేవారు. కప్పు మన్నింది, దాని కింద కూర్చున్న ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ మసిబారాయి.

చలిదేశాల కథ వేరు. అక్కడ చలికి తలుపులు బిగించుకోవాలి, నిప్పూ ఉండాలి. ఆ బిగింపే వారిచేత ఈ ప్రశ్న అడిగించింది. పారిస్‌లో లూయీ సావో 1624లో అచ్చువేసిన వాస్తు గ్రంథంలో, నేల కిందుగా గాలి తెచ్చి నిప్పుగూటి వెనక వేడెక్కించి గదిలోకి వదిలే పద్ధతిని వివరించాడు. నికొలా గోజే 1713లో దానినే విస్తరించి ఒక పుస్తకం రాశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన ఇనుప పొయ్యిని పరిచయం చేస్తూ, పొగగొట్టం లాగేసే గాలికి బదులుగా బయటి గాలిని నేల కింది కాలువ ద్వారా రప్పించాడు. ఇప్పుడు అమెరికాలో కర్మాగారంలో తయారై వచ్చే ఇళ్లకు వర్తించే సమాఖ్య నియమావళి, కట్టెల పొయ్యి పెడితే దానికి గాలి బయటినుంచే రావాలంటుంది.

మన దేశంలో ప్రయత్నం పొగవైపు నుంచి మొదలైంది. వార్ధాలోని మగన్‌వాడీ నుంచి 1947లో మగన్ చుల్హా వచ్చింది. తరువాత హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు, మట్టితో కట్టుకోగల, పొగగొట్టమున్న పొయ్యిని రూపొందించి, కోట్లాదిమందికి పొగలేని వంటిల్లు అన్న ఆశయంతో 1953లో ఒక ఇంగ్లీషు పుస్తకం ప్రచురించాడు. పొగ, మసి, వేడి, దుబారా, అగ్నిభయం అనే అయిదింటినుంచి విముక్తి ఆయన లక్ష్యం. ఒక మంటమీద వరుసగా కుండలుంచే ఆ పద్ధతి మన కోడిపొయ్యికి దగ్గరి చుట్టమే. తెలుగుగడ్డమీద జరిగిన ఈ పని మన పాఠ్యపుస్తకాలకెక్కవలసినది.

1983లో కేంద్రం మెరుగుపరచిన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో అది ముగిసేనాటికి సుమారు 3.5 కోట్ల పొయ్యిలు పంచినట్టు లెక్క. పొయ్యిలను లెక్కపెట్టారు గానీ, అవి ఎన్నాళ్లు పనిచేశాయన్నది వేరే ప్రశ్న. పొరుగున ఒడిశాలో దాదాపు 2,600 కుటుంబాలను నాలుగేళ్లు పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం, పొగగొట్టం పొయ్యిలు మొదటి ఏడాది కొంత మేలు చేసినా, మరమ్మతు లేక మూలపడ్డాయని చెప్పింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల్లోని 420 ఇళ్లలో చేసిన కొలతలు 2004లో వెలువడ్డాయి. గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 దాకా చేరింది.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల, 2024లో దీపం-2 వచ్చాయి. గ్యాసు ఇంటింటికీ చేరింది, మంచిదే. కానీ బండ అయిపోయినా, డబ్బు లేకపోయినా మళ్లీ కట్టెలే. పైగా ఇల్లు మారింది. తాటాకు పోయి శ్లాబు వచ్చింది, చూరు సందు మూసుకుపోయింది. గ్యాసు మంటకూ గాలి కావాలన్నది మరచిపోకూడదు.

అసలు ప్రమాదం కుంపటిది. బలిఘట్టంలో చలి అంతగా ఉండదు. అయినా బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టటం తెలుగునాట పాత ఆచారం. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాటు ఎక్కితే వచ్చే లంబసింగిలో కొన్ని శీతకాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. అక్కడ రాత్రి నిప్పు తప్పదు. మూసిన గదిలో బొగ్గులకు ప్రాణవాయువు చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోయినవారు నిద్రలోనే పోతారు. పొగ అయితే దగ్గించి లేపుతుంది. పొగలేని కుంపటి లేపదు కూడా.

కాబట్టి చలిగదిలో పొయ్యి కట్టుకునేవారు రెండు దారులూ పెట్టాలి. కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం ఒకటి, గోడకు అడుగున, పొయ్యి నోటికి దగ్గరగా, ఎలుక దూరకుండా జాలీ బిగించిన గాలిగొట్టం మరొకటి. గాలి దిక్కు మారితే ఆ గొట్టం ఎదురుతిరగవచ్చు గనుక, అది పొయ్యికంటే ఎత్తుకు పోకూడదు. ఏడాదికోసారి రెండింటినీ శుభ్రం చెయ్యాలి. పొగగొట్టం లేని కుంపటికి మాత్రం ఏ గాలిగొట్టమూ పూచీ పడదు. అటువంటి కుంపటిని పడుకునే ముందు ఆరుబయట పెట్టవలసిందే.

ఊదుగొట్టం, కోడిపొయ్యి, పొట్టుపొయ్యి వంటి మాటలు వస్తువులతోపాటే కనుమరుగవుతున్నాయి. కుంపటి అడుగున గాలి పీల్చే ఆ నోటికి మీ ప్రాంతంలో ఏ పేరుందో తెలిసినవారు చెప్పగలరు. అమ్మమ్మలు ఉండగానే అడిగి రాసిపెట్టుకుంటే మంచిది.