ఖనిజ వ్యర్థాల కట్ట తెగితే తరతరాల విషం

మల్దకల్: నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన 2019లో ఉమ్మడి పాలమూరు జిల్లాలో కలకలం రేపింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల పరిధిలో సర్వే, అన్వేషణకు ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సిఫారసు చేసింది. దానిని వ్యతిరేకిస్తూ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గనుల తవ్వకంతో పాటు, ఖనిజం తీశాక మిగిలే వ్యర్థాల ముప్పునూ ప్రజలు తెలుసుకోవలసి ఉంది.

టెయిలింగ్ పాండ్ అంటే..

ముడి ఖనిజాన్ని పిండిలా నూరి, రసాయనాలతో లోహాన్ని వేరుచేస్తారు. మిగిలిన బురదను కట్టలు పోసి చెరువులా నిల్వ చేస్తారు. ఇదే టెయిలింగ్ పాండ్. యురేనియం తీసివేసినా ముడి ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఈ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. వైఎస్సార్ కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం టెయిలింగ్ పాండ్ వల్ల భూగర్భ జలాలు కలుషితమై పంటలు దెబ్బతింటున్నాయని పరిసర గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. అక్కడ కట్ట తెగలేదు. వివాదమంతా ఊటనీటి గురించే.

తెగిన చోట ఏం జరిగింది?

అమెరికాలోని చర్చ్‌రాక్‌లో 1979 జులై 16న యురేనియం వ్యర్థాల కట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల కలుషిత జలం ప్వెర్కో నదిలో కలిసింది. రుమేనియాలోని బాయా మారేలో 2000 జనవరి 30న బంగారు శుద్ధి కర్మాగారం కట్ట తెగగా, సైనైడ్ నీరు టిస్సా నదికి చేరి వెయ్యి టన్నులకు పైగా చేపలు చనిపోయాయి. బ్రెజిల్‌లోని మరియానాలో 2015 నవంబరు 5న ఇనుప గని కట్ట కూలి 19 మంది మరణించారు. బురద డోసి నది వెంట 600 కిలోమీటర్లకు పైగా ప్రవహించి సముద్రంలో కలిసింది.

విషం పనిచేసే తీరు

సైనైడ్ ఎండకు, గాలికి కొంతకాలంలో విచ్ఛిన్నమవుతుంది. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం వంటి మూలకాలకు ఆ గుణం లేదు. అవి సన్నని ఒండ్రుకు అంటుకొని నది అడుగున పేరుకుంటాయి. వరద వచ్చినప్పుడల్లా మళ్లీ పైకి లేస్తాయి. వ్యర్థాల్లోని గంధక ఖనిజాలు గాలి, నీరు తగిలి ఆమ్లంగా మారి మరిన్ని లోహాలను కరిగిస్తాయి. నాచు, పురుగులు, చేపల ద్వారా ఇవి పక్షులకు, మనుషులకు చేరుతాయి. నీటిలో కరిగిన యురేనియం ప్రధానంగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

దిగువకే ఎక్కువ ముప్పు

మల్దకల్ ఉన్న నడిగడ్డ అమ్రాబాద్‌కు ఎగువన ఉంది. అందువల్ల అక్కడి వాగుల నీరు ఇటు రాదు. అయితే ఆ అడవి కృష్ణా నదిని ఆనుకొని ఉంది. దిగువన ఉన్న నాగార్జునసాగర్ జలాలే హైదరాబాద్‌కు తాగునీరు, రెండు రాష్ట్రాల ఆయకట్టుకు సాగునీరు. ఎక్కడ గని తలపెట్టినా ముందుగానే బావులు, బోర్ల నీటిని, నేలను పరీక్షించి ఫలితాలను గ్రామసభల్లో ఉంచాలి. ఆ లెక్క లేకుంటే రేపు నీరు చెడినా, అది గని వల్లేనని రైతు నిరూపించలేడు.