కోడ్ రాసే యంత్రానికి జ్ఞాపకం ఎలా వచ్చింది

ప్రోగ్రామర్ చేసిన పనిని గుర్తుపెట్టుకునే సహాయకుడు ఉండాలన్న కోరిక ఇప్పటి ఏఐ కన్నా చాలా పాతది. వారెన్ టైటెల్‌మన్ 1970ల తొలినాళ్లలో, తర్వాత ఇంటర్‌లిస్ప్‌గా పేరుపడిన లిస్ప్ వ్యవస్థలో ‘ప్రోగ్రామర్స్ అసిస్టెంట్’ అన్న భాగాన్ని తయారుచేశారు. ఇచ్చిన ఆదేశాలను అది వరసగా ఒక హిస్టరీ జాబితాలో దాచేది. చెబితే పాత పనిని మళ్లీ చేసేది, వద్దంటే చేసినదాన్ని వెనక్కి తీసేది. జాబితాకు హద్దు ఉండేది. నిండాక పాతవి రాలిపోయేవి. 1970ల చివర బిల్ జాయ్ రాసిన సీ షెల్‌తో యూనిక్స్ వాడేవాళ్లకు ఈ హిస్టరీ అలవాటైంది. 1989లో వచ్చిన బ్యాష్ ఆ జాబితాను ఫైల్‌లో రాసిపెట్టి, మర్నాడు టెర్మినల్ తెరిస్తే తిరిగి అందిస్తుంది.

ఈ జాబితాల్లో ఏం చేశారన్నది ఉంటుంది గానీ ఎందుకు చేశారన్నది ఉండదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్ నుంచి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ దాకా వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు ఈ లోటును కొంత పూడ్చాయి. అదీ ఎవరైనా ఓపిగ్గా కారణం రాసిపెడితేనే. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఇంతకన్నా కటువైన వాదన చేశారు. ప్రోగ్రామ్‌కు ప్రాణం దాన్ని కట్టినవారి బుర్రలోని అవగాహనే, ఆ బృందం చెదిరిపోతే ఎన్ని పత్రాలున్నా ప్రోగ్రామ్ చచ్చినట్టేనన్నది దాని సారం. ఏఐ సహాయకుల విషయంలో ఇది మరీ విడ్డూరంగా నిజమైంది. అక్కడ సెషన్ మూసిన ప్రతిసారీ అవగాహన ఉన్న బృందం చెదిరిపోతుంది.

కారణం ఆ యంత్రాల నిర్మాణంలోనే ఉంది. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా బయటికి వచ్చింది. దాని వెనకున్న కోడెక్స్, జీపీటీ-3 నుంచి పుట్టిన మోడల్. ఇలాంటి మోడల్‌కు శిక్షణ ముగిశాక లోపలి అంకెలు మారవు. ఎన్ని వేలమంది వాడినా అది కొత్తగా ఏదీ నేర్చుకోదు. ఎదుట ఉన్న ప్రాజెక్టు గురించి దానికి తెలిసేదల్లా ఆ క్షణాన కాంటెక్స్ట్ విండోలో పెట్టిన పాఠమే. జీపీటీ-3లో ఆ విండో 2,048 టోకెన్లు, అంటే పదాలు లేదా పదాల ముక్కలు. ఓ మోస్తరు పెద్ద ఫైల్‌కే నిండిపోయేది. తెలుగులో రాస్తే పరిస్థితి ఇంకా ఘోరం. ఒక్కో అక్షరం ముక్కలై, ఇంగ్లీషుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ టోకెన్లు మింగేది.

విండో పెంచితే సరిపోతుందని కొంతకాలం అనిపించింది. 2023 మార్చిలో జీపీటీ-4 8,192 టోకెన్లతోనూ 32,768 టోకెన్లతోనూ వచ్చింది, మే నెలలో మరో మోడల్ క్లాడ్ లక్షకు చేరింది, 2024 ఫిబ్రవరిలో జెమినై 1.5 పది లక్షలు ప్రకటించింది. అయినా సెషన్ మూస్తే అంతా ఖాళీయే. పైగా పొడవైన పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్నవాటికన్నా మధ్యలో ఉన్న విషయాన్ని మోడళ్లు ఎక్కువగా జారవిడుస్తున్నాయని 2023లో నెల్సన్ లియూ, సహచరుల పరిశోధన చూపింది. అదే ఏడాది అక్టోబరులో బర్క్‌లీ పరిశోధకులు మెమ్‌జీపీటీని ప్రతిపాదించారు. ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌కూ డిస్క్‌కూ మధ్య పేజీలు మార్చినట్టు, విండోకూ బయటి నిల్వకూ మధ్య ఏది మార్చాలో మోడలే నిర్ణయించుకుంటుంది.

అయితే కోడింగ్ పనిలో నెగ్గింది అంత గొప్ప ఏర్పాటేమీ కాదు, మామూలు టెక్స్ట్ ఫైల్. కర్సర్ ఎడిటర్ ప్రాజెక్టు ఫోల్డర్‌లోని డాట్-కర్సర్‌రూల్స్ అనే ఫైల్‌ను చదివేది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన క్లాడ్ కోడ్, క్లాడ్-డాట్-ఎండీ ఫైల్‌ను సెషన్ మొదట్లోనే చదువుకుంటుంది. అంటే ఇది గుర్తుంచుకోవడం కాదు, ప్రతి ఉదయం డైరీ చదివి పనిలోకి దిగడం. అలాంటి ఫైల్‌లో ఉండేవి ఈ తరహా వాక్యాలు: ‘టెస్టులు నడిపే ముందు డేటాబేస్ కంటెయినర్ లేపాలి’, ‘పాత బిల్లింగ్ మాడ్యూల్‌లో తేదీలన్నీ భారత కాలమానంలోనే ఉంటాయి, యూటీసీకి మార్చకూడదు’. రెండో వాక్యం విలువ ఎక్కువ. కోడ్ ఎంత చదివినా ఆ నిషేధం వెనకున్న కారణం దొరకదు. ఫైల్‌లో లేకపోతే సహాయకుడు మంచి పని చేస్తున్నాననుకుని ప్రతిసారీ అదే తప్పు చేస్తాడు. కానీ బిల్లింగ్ మాడ్యూల్‌ను తిరగరాశాక కూడా ఆ వాక్యం తీసేయకపోతే, అంతే విధేయంగా దాన్నీ పాటిస్తాడు. చెరిపేయడం ఎవరి పని అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది.

ఒక్కో పరికరానికీ ఒక్కో ఫైల్ పేరు కావడంతో, 2025లో ఏజెంట్స్-డాట్-ఎండీ అన్న ఉమ్మడి పేరు వాడుకలోకి వచ్చింది. డిసెంబరులో అది లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. మరోవైపు, రాసే బాధ్యతను యంత్రానికే అప్పగించే ప్రయత్నాలు సాగాయి. విండ్‌సర్ఫ్ ఎడిటర్ సంభాషణల నుంచి తానే జ్ఞాపకాలు తీసి దాచుకునేది. 2024 నవంబరులో ఆంత్రోపిక్, ఏఐ మోడళ్లను బయటి పరికరాలతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసినప్పుడు, దాని నమూనా సర్వర్లలో ఒకటి మనుషులు, వస్తువులు, వాటి సంబంధాలను ఒక నాలెడ్జ్ గ్రాఫ్‌గా నిల్వచేసేది. 2025 సెప్టెంబరులో అదే సంస్థ తెచ్చిన మెమరీ టూల్‌తో మోడల్ తనకు కేటాయించిన ఫోల్డర్‌లో ఫైళ్లు సృష్టించగలదు, దిద్దగలదు, తొలగించగలదు. ఆ ఫైళ్లు ఎక్కడ ఉంచాలన్నది మాత్రం అప్లికేషన్ కట్టినవారి చేతిలోనే ఉంటుంది.

నిలిచే జ్ఞాపకం నిలిచే విషానికీ చోటిచ్చింది. చాట్‌జీపీటీకి మెమరీ వచ్చిన 2024లోనే, బయటి పాఠంలో దాచిన ఆదేశాలతో దానిలో అబద్ధపు జ్ఞాపకాలు నాటవచ్చని భద్రతా పరిశోధకుడు యోహాన్ రేబర్గర్ చేసి చూపారు. 2025 మార్చిలో పిల్లర్ సెక్యూరిటీ, కంటికి కనిపించని యూనికోడ్ అక్షరాలను రూల్స్ ఫైళ్లలో జొప్పించి కర్సర్, కోపైలట్‌లతో హానికరమైన కోడ్ రాయించవచ్చని వెల్లడించింది. ఇలాంటి ఫైల్ సాధారణంగా గిట్‌లోనే ఉంటుంది కనుక, దానిలో మారిన ప్రతి వాక్యాన్నీ కోడ్‌లాగే మరో మనిషి చదివి ఒప్పుకున్నాకే విలీనం చేసే వీలుంది. మోడల్ సొంతంగా రాసుకునే జ్ఞాపకాలకు, ఎవరైనా పనిగట్టుకుని ఏర్పాటు చేస్తే తప్ప, ఆ తనిఖీ లేదు.