పసిపిల్లల మెదడు ఎదుగుదల: ఎమ్మారై అధ్యయనం

పుట్టినప్పటి నుంచి ఐదారేళ్ల వయసు దాకా మెదడు పరిమాణం, నిర్మాణం, పనితీరుల్లో వచ్చే మార్పులను ఎమ్మారై చిత్రాలతో పరిశీలించే పరిశోధన రంగం ఇది. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండే రేడియేషన్ ఎమ్మారైలో ఉండదు. అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలే దీనికి ఆధారం. అందువల్ల ఒకే బిడ్డ మెదడును వేర్వేరు వయసుల్లో చూసి పోల్చవచ్చు.

పద్ధతి

బిడ్డ కదిలితే చిత్రం చెదురుతుంది. ఆరోగ్యవంతమైన పిల్లలపై చేసే పరిశోధనల్లో సాధారణంగా మత్తుమందు వాడరు. చంటిబిడ్డకు పాలు పట్టి, పొత్తిళ్లలో చుట్టి, నిద్రపోయాక స్కాన్ తీస్తారు. యంత్రం చప్పుడు 100 డెసిబెల్స్ దాటగలదు కనుక చెవులకు రక్షణ తప్పనిసరి.

తెలిసిన అంశాలు

తొలి ఏడాదిలో మెదడు ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. రెండో ఏడాదిలో సుమారు 15 శాతం పెరుగుతుంది. నాడీ తంతువులపై మయలిన్ అనే కొవ్వు పొర స్థూలంగా కింది నుంచి పైకి, వెనక నుంచి ముందుకు ఏర్పడుతుంది. ఈ మార్పు సాగుతుండగా ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తెల్ల పదార్థం, బూడిద పదార్థం స్కాన్‌లో ఇంచుమించు ఒకే ఛాయలో కనిపిస్తాయి. ఆ దశలో వాటిని విడదీసి కొలవడం కష్టం. రెండేళ్లు నిండేసరికి చిత్రం పెద్దల మెదడును పోలి ఉంటుంది.

భారతదేశంలో

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది ఎమ్మారై చిత్రాలతో రూపొందించిన భారతీయ మెదడు పటం 2019లో వెలువడింది. పాశ్చాత్యుల పటంతో పోలిస్తే మనవారి మెదడు సగటున ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో చిన్నదని తేలింది. పరాయి కొలతతో చూస్తే ఆరోగ్యవంతమైన మెదడు కుంచించుకుపోయినట్టు పొరపడే ప్రమాదం ఉంది. అయితే ఈ పటం యువతీయువకులది. పిల్లల విషయానికొస్తే, 6–23 ఏళ్లవారిపై భారత్‌లో పలు కేంద్రాల్లో సాగిన సి-వేద అధ్యయనంలో కొందరికి ఎమ్మారై కూడా తీశారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ దాని కేంద్రాల్లో ఒకటి.

పరాయి దేశాల ఫలితాలు ఇక్కడ వర్తించకపోవచ్చని చూపిన హెలిక్స్ పరీక్ష నవజాత శిశువుల విషయంలో కీలకమైనది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 ఆసుపత్రుల్లో, పుట్టగానే ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న 408 మంది శిశువులపై ఇది జరిగింది. శరీరాన్ని చల్లబరిచే చికిత్స సంపన్న దేశాల్లో మేలుచేసినా, ఇక్కడ మేలుచేయకపోగా మరణాలను పెంచిందని 2021లో వెల్లడైంది.

ఆవశ్యకత

మామూలు ప్లగ్గుతో నడుస్తూ, మంచం దగ్గరికే తీసుకురాగల తక్కువ అయస్కాంత బలం (0.064 టెస్లా) గల ఎమ్మారై యంత్రాలు వచ్చాయి. వీటి చిత్రాల్లో స్పష్టత తక్కువే అయినా, పెద్ద యంత్రాలు లేనిచోట పరిశోధనకు దారి చూపుతున్నాయి. తెలంగాణలోని జైపూర్, గోదావరిఖని వంటి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతాల పిల్లలకూ చోటిచ్చినప్పుడే భారతీయ శిశువుల మెదడు పటం సమగ్రమవుతుంది.