నడివీధికి ఒక మనిషి

డౌన్‌టౌన్ అనే మాటకు తెలుగులో ఏం రాయాలి? "నగర కేంద్రం" అంటే ఏదో ప్రభుత్వ ఆఫీసు పేరులా ఉంటుంది. మన ఊళ్ళలో మెయిన్ బజారు అంటారు, పెద్దబజారు అంటారు, కొన్ని చోట్ల గడియార స్తంభం దగ్గర అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ఈ వ్యాసంలో నేను "నడివీధి" అని రాస్తాను. ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. ఒక మనిషి నడివీధిన పడ్డాడు అంటే దిక్కు లేకుండా పోయాడు అని అర్థం. 1960లలో, 70లలో అమెరికా చిన్న ఊళ్ళ నడివీధులకు ఈ రెండో అర్థం కూడా సరిగ్గా సరిపోతుంది. అవే నడివీధిన పడ్డాయి.

ఎలా పడ్డాయో త్వరగా చెబుతాను, ఎందుకంటే ఈ కథ మీలో చాలామందికి తెలుసు. 1956లో పెద్ద హైవేల చట్టం వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో మిన్నెసోటా రాష్ట్రంలో ఈడైనా అనే ఊళ్ళో సౌత్‌డేల్ మాల్ తెరిచారు. పైకప్పు, ఏసీ, చుట్టూ ఉచిత పార్కింగ్ ఉన్న మొదటి మాల్ అది. దాన్ని గీసిన ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూన్, వియన్నాలో పుట్టినవాడు, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా వచ్చాడు. ఆ తరువాత ఊరి బయట మాల్స్ పుట్టగొడుగుల్లా వచ్చాయి. నడివీధిలో పెద్ద షాపులు ఒక్కొక్కటిగా అటు వెళ్ళిపోయాయి.

మిగిలిన షాపులవాళ్ళు ఏం చేశారు? మాల్‌లాగా కనిపించాలని చూశారు. వంద ఏళ్ళ నాటి ఇటుక గోడల మీద, చెక్కిన కిటికీల మీద అల్యూమినియం రేకులు బిగించారు. పాత చీర చిరిగిందని దాని మీద ప్లాస్టిక్ షీటు కట్టుకున్నట్టు ఉండేది. ఇంకో పక్క ప్రభుత్వం కూడా సాయం చేస్తానంది. 1949 హౌసింగ్ చట్టం కింద వచ్చిన డబ్బుతో చాలా ఊళ్ళు పాత కట్టడాలను కూల్చి, ఖాళీ స్థలం చేసి, కొత్తగా కట్టేవాళ్ళు వస్తారని ఎదురుచూశాయి. కొన్ని చోట్ల ఎవరూ రాలేదు. ఆ స్థలాలు పార్కింగ్ లాట్లుగా మిగిలాయి.

వర్తకులు, మునిసిపాలిటీ కలిసి చేసిన ఒక పెద్ద ప్రయత్నం మిషిగన్ రాష్ట్రంలో కలమజూలో జరిగింది. 1959 ఆగస్టులో బర్డిక్ స్ట్రీట్‌లో రెండు బ్లాకులకు కార్లు రాకుండా మూసేసి, చెట్లు నాటి, నడిచేవాళ్ళకే ఇచ్చారు. ఖర్చు ఊరు కొంత, వర్తకులు కొంత పెట్టుకున్నారు. ఆ ఆలోచన కూడా గ్రూన్‌దే. మాల్‌ను కనిపెట్టిన మనిషే మాల్ జబ్బుకు మందు కూడా రాసిచ్చాడు! దేశంలో చాలా ఊళ్ళు దీన్ని చూసి తమ వీధులు మూసుకున్నాయి. తరువాత చాలావరకు మళ్ళీ తెరిచాయి. కలమజూ కూడా 1998లో అందులో ఒక భాగంలోకి కార్లను రానిచ్చింది. వీధి ఆకారం మార్చారు. కానీ వీధిని రోజూ చూసుకునే మనిషిని పెట్టకపోతే ఆకారం ఒక్కటే ఏం చేస్తుంది?

రోజూ చూసుకోవడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, అసలు చిక్కు అక్కడే ఉంది.

మాల్‌కు యజమాని ఒక్కరే. లైట్లు ఎన్ని గంటలకు ఆర్పాలి, బోర్డులు ఎంత పెద్దగా ఉండాలి, ఎవరికి ఎక్కడ షాపు ఇవ్వాలి, అన్నీ ఒకే ఆఫీసులో తేలిపోతాయి. నడివీధి అలా కాదు. గోడ ఇంటి యజమానిది, ఆయన ఒక్కోసారి వేరే రాష్ట్రంలో ఉంటాడు. లోపల షాపు అద్దెకున్నవాళ్ళది. ఫుట్‌పాత్, వీధి దీపం, చెత్తడబ్బా మునిసిపాలిటీవి. బాగు చేసుకోవడానికి అప్పు ఇవ్వాల్సింది బ్యాంకు. అద్దెకున్నవాళ్ళు "గోడ నాది కాదు కదా, నేనెందుకు సున్నం వేయాలి" అంటారు. యజమాని "అద్దె పెరిగితే వేస్తాను" అంటాడు. బ్యాంకు "పక్క షాపు ఖాళీగా ఉంది, ఈ వీధికి అప్పు ఇవ్వం" అంటుంది. మునిసిపాలిటీ "పన్నులు తగ్గిపోయాయి, దీపాలకు డబ్బు లేదు" అంటుంది. ఎవరి మాటా తప్పు కాదు. అందరూ ముందు పక్కవాడు కదలాలని కూర్చుంటే వీధి అలాగే ఉంటుంది.

చిన్న ఉదాహరణ ఒకటి. నడివీధిలో పార్కింగ్ లేదని అందరూ ఫిర్యాదు చేస్తారు. కానీ షాపు ముందు కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టుకునేది చాలాసార్లు ఆ షాపువాళ్ళే. ఇది కొత్త సంగతి కాదు. 1935లో ఓక్లహోమా సిటీలో ప్రపంచంలోనే మొదటి పార్కింగ్ మీటరు పెట్టింది ఇందుకే, గంటకు 5 సెంట్లు. ఉద్యోగులు కార్లు కదపకపోతే కొనేవాళ్ళకు చోటు దొరకడం లేదని. ఈ మాట వర్తకులకు ఎవరు చెప్పాలి? పక్క షాపువాడు చెబితే గొడవ. మునిసిపాలిటీ చెబితే జరిమానా అనుకుంటారు. రెండు వైపులకూ చెందని ఒక మనిషి కావాలి.

ఆ మనిషి న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ అనే ఊళ్ళో మొదట కనిపిస్తాడు. గాజు ఫ్యాక్టరీ ఊరు అది. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వల్ల షెమంగ్ నది పొంగి ఊరు మునిగింది. మార్కెట్ స్ట్రీట్ షాపులన్నిటిలో బురద. కూల్చేసి కొత్తగా కట్టాలనే వాదన బలంగా ఉన్న కాలం అది. కానీ 1974లో మార్కెట్ స్ట్రీట్‌ను బాగు చేయడానికి ఒక ఏజెన్సీ పెట్టి, నార్మన్ మింట్జ్ అనే ఆయనను జీతం ఇచ్చి పెట్టుకున్నారు. గాజు కంపెనీ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. మింట్జ్ పని చాలా మామూలుగా ఉంటుంది. షాపు షాపుకూ వెళ్ళడం, మీ ముందు గోడ ఇలా ఉంటే బాగుంటుంది అని ఉచితంగా సలహా ఇవ్వడం, రేకుల కింద ఏముందో చూడమని ఒప్పించడం, బోర్డు కొంచెం చిన్నది చేయమని బతిమాలడం. ఒకరు ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు చూసి ఒప్పుకుంటారు. ఇంకో ఊరు ఇలా చేయాలంటే ఊళ్ళో ఒక పెద్ద కంపెనీ ఉండాలా అనే ప్రశ్న మాత్రం మిగిలింది.

ఆ ప్రశ్నకు జవాబు 1977లో మొదలైంది. నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ పాత కట్టడాలను కాపాడుతుంది. దాని షికాగో ఆఫీసు అధికారి మేరీ మీన్స్ ఒక విషయం గమనించారు. ఒక్కో ఇంటిని మ్యూజియం చేసి కాపాడితే వీధి బతకదు. ఆ ఇంట్లో వ్యాపారం నడిస్తేనే ఇల్లు నిలబడుతుంది. మూడు ఊళ్ళను ఎంచుకుని మూడేళ్ళు ప్రయత్నించి చూద్దామన్నారు. దాదాపు 70 ఊళ్ళు అడిగాయి. ఇల్లినాయ్‌లో గేల్స్‌బర్గ్, ఇండియానాలో మ్యాడిసన్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్, ఈ మూడింటికి అవకాశం వచ్చింది.

మూడూ వేరు వేరు రకాలు. గేల్స్‌బర్గ్ రైల్వే ఊరు, సుమారు 35,000 మంది. 1858లో లింకన్, డగ్లస్ వాదించుకున్న చోట్లలో ఒకటి అక్కడి నాక్స్ కాలేజీ. మ్యాడిసన్ ఒహాయో నది ఒడ్డున, కొండ కింద ఉంటుంది, సుమారు 13,000 మంది. ఇండియానాలో మొదటి రైలు మార్గం ఇక్కడి నుంచే వేశారు. తరువాత వ్యాపారం వేరే ఊళ్ళకు పోయింది. కొత్తవి కట్టడానికి డబ్బు లేదు కాబట్టి పాతవి కూల్చలేదు. 19వ శతాబ్దపు వీధి అలాగే మిగిలింది. పేదరికం కాపాడిన ఊరు అని నేను అంటాను. కొత్త షాపులు మాత్రం కొండ మీదికి ఎక్కాయి. హాట్ స్ప్రింగ్స్ మూడింటిలో చిన్నది, 5,000 లోపు జనం. గులాబి రంగు ఇసుకరాతి కట్టడాలు, వేడినీటి ఊటలు ఉన్నాయి. 1890లో కట్టిన స్నానాల కొలను ఒకటి ఉంది.

ప్రతి ఊళ్ళో ఒక మేనేజరు పూర్తికాలం ఉండి పనిచేశారు. వచ్చి రిపోర్టు రాసి వెళ్ళిపోయే కన్సల్టెంట్లు కాదు, అదే ఊళ్ళో ఇల్లు తీసుకుని, అదే వీధిలో కాఫీ తాగేవాళ్ళు. నాలుగు పనులు కలిపి చేయాలని ఈ ఊళ్ళ అనుభవం నుంచి తేలింది. ఒకటి వర్తకులు, బ్యాంకులు, మునిసిపాలిటీ ఒకచోట కూర్చునేలా చేయడం. రెండు గోడలు, బోర్డులు, కిటికీలు బాగు చేయడం. మూడు పండగలు, అమ్మకాలు పెట్టి జనాన్ని రప్పించడం. నాలుగోది కష్టమైనది, ఆ వీధిలో ఇప్పుడు ఏ వ్యాపారం నిలబడుతుందో లెక్క వేసి చూడటం. మాల్‌లో దొరికేదే ఇక్కడ పెడితే ఎవరొస్తారు? ఖాళీగా ఉన్న పైఅంతస్తుల్లో ఎవరైనా కాపురం ఉండగలరా? అయిదు గంటలకు ఉద్యోగులు బయటికొస్తుంటే అదే అయిదుకు షాపులు ఎందుకు మూస్తున్నారు?

1980లో దీన్ని దేశమంతా చేయడానికి నేషనల్ మెయిన్ స్ట్రీట్ సెంటర్ పెట్టారు. మొదట ఆరు రాష్ట్రాలు తీసుకున్నారు: కొలరాడో, జార్జియా, మసాచుసెట్స్, నార్త్ కరోలినా, పెన్సిల్వేనియా, టెక్సస్. అదృష్టం కూడా కలిసొచ్చింది. 1981 పన్ను చట్టంలో చారిత్రక కట్టడం బాగుచేసి వ్యాపారానికి వాడితే ఖర్చులో 25 శాతం పన్నులో తగ్గించారు. 1986లో అది 20 శాతం అయింది. అంతకు ముందు కూల్చడం లాభం, ఇప్పుడు బాగు చేయడం కూడా లాభం.

ఇక మేనేజరు జీతం. ఇది నాకు దగ్గరి విషయం. నేను మా గుడిలో 20 ఏళ్ళకు పైగా వాలంటీరుగా పనిచేస్తున్నాను. అన్నదానం లిస్టులో 40 పేర్లు ఉంటాయి, పెద్ద గిన్నెలు కడిగే దగ్గర నలుగురే ఉంటారు, ప్రతివారం ఆ నలుగురే. నడివీధి సంఘాలు కూడా ఇలాగే మొదలవుతాయి, ఇలాగే అలసిపోతాయి. వినాయక చవితి చందా గుర్తు చేసుకోండి. పది షాపులు ఇస్తాయి, అయిదు రేపు రమ్మంటాయి, కానీ దీపాల వెలుగు పదిహేను షాపుల మీదా పడుతుంది.

కెనడాలో టొరాంటో నగరంలో బ్లోర్ వెస్ట్ విలేజ్ అనే పేటవాళ్ళు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. 1960ల చివర అక్కడ భూగర్భ రైలు వచ్చింది. ట్రామ్ కిటికీలోంచి షాపులు చూసే జనం భూమి కిందికి పోయారు. కొందరు వర్తకులు చందా వేసుకుని వీధి బాగు చేద్దామన్నారు, కొందరు ఇవ్వలేదు. అప్పుడు వాళ్ళు మునిసిపాలిటీని తమ మీద తామే పన్ను వేయమని అడిగారు! ఒంటారియో రాష్ట్రం దానికి చట్టం చేసింది. 1970 నుంచి ఆ పేటలో షాపులన్నీ ఆ చిన్న పన్ను కట్టాలి. మునిసిపాలిటీ వసూలు చేస్తుంది, కానీ డబ్బు తిరిగి వర్తకుల బోర్డుకే వస్తుంది, ఆ వీధికే ఖర్చవుతుంది. ప్రపంచంలో ఇలాంటి పద్ధతి ఇదే మొదటిది అంటారు. తరువాత అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ వచ్చింది. చందా అయితే మొహమాటం, పన్ను అయితే లెక్క. నాకైతే ఈ చరిత్రలో ఇది అన్నిటికంటే తెలివైన పని అనిపిస్తుంది.

లోటు ఏమీ లేదా? ఉంది. బాగుపడిన నడివీధుల్లో చాలాచోట్ల పాత సామాన్ల షాపులు, గిఫ్టు షాపులు, కాఫీ షాపులు కనిపిస్తాయి. మేకులు, గొళ్ళాలు, పిల్లల బూట్లు కొనాలంటే మళ్ళీ హైవేకే వెళ్ళాలి. మనవాళ్ళ సంగతి చూడండి. కంది పప్పు, గోంగూర దొరికే కొట్టు ఎక్కువగా హైవే పక్క స్ట్రిప్ మాల్‌లోనే ఉంటుంది. అద్దె తక్కువ, పార్కింగ్ ఉచితం. నేనూ అక్కడే కొంటాను. చిన్న ఊళ్ళ నడివీధి మనకు ఫోటో తీసుకునే చోటుగానే మిగిలింది, సరుకు కొనే చోటు కాలేదు.

ఆ మూడు ఊళ్ళలో మ్యాడిసన్ చారిత్రక భాగం 133 బ్లాకులు. దాన్ని 2006లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. గేల్స్‌బర్గ్ కథ ఇంత సులువుగా లేదు. 2004లో అక్కడ మేట్యాగ్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ మూతపడింది, పని మెక్సికోకు పోయింది, సుమారు 1,600 ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాది డెమొక్రాటిక్ పార్టీ సభలో బరాక్ ఒబామా ఆ కార్మికుల గురించి మాట్లాడాడు. ఏ నడివీధి మేనేజరూ అన్ని జీతాలు తిరిగి తేలేడు, తెస్తానని ఎవరూ చెప్పలేదు కూడా. 1970ల మధ్యలో ఊరి బయట వచ్చి నడివీధి షాపులను లాక్కున్న శాండ్‌బర్గ్ మాల్ కూడా తరువాత మూతపడింది. రైలు స్టేషన్ దగ్గర సెమినరీ స్ట్రీట్‌లో బాగుచేసిన ఇటుక కట్టడాల్లో మాత్రం షాపులు నడుస్తున్నాయి.