అడగని వరం

ప్రబంధాలు పాఠం చెప్పే రోజుల్లో స్తనవర్ణన పద్యం రాగానే తల వంచుకొని, ప్రతిపదార్థం గబగబా ముగించేదానిని. జక్కవలు, కరికుంభాలు, బంగారు కలశాలు... ఉపమానాలకు కొదవ లేదు. ఆ స్త్రీ అభిప్రాయం మాత్రం ఏ పద్యంలోనూ నాకు కనబడలేదు. రొమ్ముల ఆకృతిని మార్చే శస్త్రచికిత్సల చరిత్ర చదివినప్పుడు అక్కడా అదే లోటు తోచినది.

1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చెర్నీ అనే వైద్యుడు ఒక స్త్రీ రొమ్ములోని గడ్డను తొలగించి, ఆమె శరీరంలోనే వేరొకచోటి కొవ్వుకంతితో ఆ వెలితిని పూడ్చినాడు. పోయినదానిని తిరిగి ఇచ్చుటే అక్కడ ఉద్దేశం.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కథ మారినది. ఆరుగురు బిడ్డల తల్లి ఒకామె ఛాతీ మీది పచ్చబొట్టు తీయించుకొనడానికి ఆసుపత్రికి వెళ్ళినది. క్రోనిన్, గెరో అనే వైద్యులు సిలికాన్ జెల్ నింపిన సంచులను రొమ్ములలో అమర్చుతామన్నారు. చెవులు సరిచేయించుకొనుటే తన కోరిక అన్నది ఆమె. అదీ చేస్తామన్నారు, ఒప్పుకొన్నది. (దీనిని వరమనాలో, బేరమనాలో!) అంతకు ముందు ఆ సంచిని అమర్చి చూచినది ఒక ఆడకుక్కకు.

1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కేవలం అందం కోసం సిలికాన్ సంచుల వాడకాన్ని ఆపివేసి, 2006లో మళ్ళీ అనుమతించినది. అవి జీవితాంతం మన్నేవి కావనీ, మళ్ళీ కోత అవసరం కావచ్చుననీ ముందుగానే రోగికి తెలిపి సంతకం తీసుకొనాలన్న నిబంధన 2021లో గాని రాలేదు.

ఆ చికిత్స ఆలోచనలో ఉన్న మా మేనకోడలికి ఇదంతా చెప్పినాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంతకీ ఆమె చెవులు సరిచేశారా, అత్తయ్యా?" అన్నది.

చేశారు.